సుల్తాన్‌బజార్ బట్టల కొట్టు: మూడు తరాల లెక్కలు విప్పితే తేలింది ఇదీ

కోఠీ చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకి లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, పార్టనర్‌షిప్ డీడ్లు చూసిపెట్టడం నా పని. ఈ కేసు సుల్తాన్‌బజార్‌లో ఒక బట్టల కొట్టుది. కొట్టు పేరు, మనుషుల పేర్లు రాయను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఇలాంటి కొట్లు బడీచౌడీలో, జనరల్ బజార్‌లో ఇంకా బోలెడున్నాయి. వాటిలో చాలా ఇళ్లలో ఇదే గొడవ ఇవాళ కాకపోతే రేపు వస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

నా దగ్గరికి వచ్చేసరికి సమస్య చిన్నదే అనిపించింది. కోవిడ్‌కి కొంచెం ముందు పెద్దాయన పోయారు. కొట్టు ఇద్దరు కొడుకులూ నడుపుతున్నారు, వాళ్ల అక్క పెళ్లయి కరీంనగర్‌లో ఉంటుంది. ఓవర్‌డ్రాఫ్ట్ రెన్యువల్‌కి వెళ్తే బ్యాంకు వాళ్లు, ఒక పార్టనర్ లేరు కదా, కొత్త డీడ్ తెమ్మన్నారు. "ఒక డీడ్ రాసియ్యండి సార్, ఇద్దరం సంతకాలు పెడతం" అని అన్నదమ్ములు కలిసే వచ్చారు. పాత డీడ్ చూపించమన్నాను. చూశాక ఆ రోజు డీడ్ రాయలేదు, తర్వాత చాలాకాలం కూడా రాయలేదు. ఎందుకంటే ఆ పాత డీడ్‌లో తమ్ముడి పేరే లేదు.

నలభై ఏళ్లుగా గల్లా దగ్గర కూర్చునే మనిషి కాగితం మీద ఆ కొట్టులో ఎవరూ కాదు. పార్టనర్లు తండ్రి, పెద్దకొడుకు, ఇద్దరే. 1990ల మొదటిదాకా రిజిస్టర్ అయిన ఫర్మ్‌కి ఇన్‌కంటాక్స్ లెక్క వేరుగా ఉండేది, దానికోసం ఎవరో గుమాస్తా చెప్తే అప్పట్లో రాయించుకున్న కాగితం అది. అప్పటికి తమ్ముడు చదువుకుంటున్నాడు. ఆ తర్వాత ఎవరూ దాన్ని తిరగేయలేదు. తమ్ముడికి నెలనెలా వెళ్లే డబ్బు పుస్తకాల్లో 'జీతం' పద్దులో ఉంది, ఆ సంగతి తమ్ముడికే తెలీదు.

ఇక ఏది ఎవరిదో తేలాలంటే మొదటినుంచీ తవ్వాల్సిందే.

బోర్డు మీది సంవత్సరం

బోర్డు మీద 'స్థాపితం 1920' అని ఉంటుంది. అటక మీద ఎర్రగుడ్డ అట్ట వేసిన చిట్టాలు, ఆవర్జాలు ఒక ట్రంకుపెట్టె నిండా దొరికాయి, వాటిలో అన్నిటికన్నా పాతదాని మొదటి పేజీలో పసుపు మరకల కింద 1345 అని ఉంది. తమ్ముడి కూతురు నవ్వేసింది, అప్పటికి చార్మినారే లేదు కదా అని. అది ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలన్నీ ఫసలీలోనే ఉండేవి, 590 కలిపితే మన లెక్కకి వస్తుంది. అంటే 1935-36. బోర్డు మీది 1920 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. పాత కొట్టు అనిపించుకోవడానికి పెయింటర్‌తో రాయించి ఉంటారని నా అనుమానం, బజార్లో ఇది మామూలే.

1935 అన్నది నాకు ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపించడానికి ఇంకో కారణం ఉంది. సుల్తాన్‌బజార్ అంతకుముందు రెసిడెన్సీ బజార్. కోఠీలో ఇంగ్లీషు రెసిడెంటు బంగళా చుట్టూ ఉన్న ఆ బజార్లు ఇంగ్లీషువాళ్ల అధికారం కింద ఉండేవి, 1933లో నిజాం చేతికి తిరిగొచ్చాక సుల్తాన్‌బజార్ అన్నారు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది ఈ చుట్టుపక్కలే, అంటే తెలుగువాళ్లు అప్పటికే ఇక్కడ పాతుకుపోయి ఉన్నారు. నల్లగొండ వైపు నుంచి వచ్చిన తాతగారికి ఆ బజారులో ఒక మడిగె అద్దెకి దొరకడం అర్థమయ్యే విషయమే.

ఆయన అమ్మింది చీరలు కాదు. కోరా, లాంగ్‌క్లాత్, మల్లుగుడ్డ, పాప్లిన్, ధోవతులు, తువ్వాళ్లు, వాటితో పాటు సూదీ దారం, గుండీలు. బొంబాయి మిల్లుల సరుకు దళారి ద్వారా వచ్చేది. దగ్గర్లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర డీబీఆర్ మిల్లు, వరంగల్‌లో 1934లో వచ్చిన ఆజంజాహీ మిల్లు, వీటి తానులు కూడా పద్దుల్లో కనిపిస్తాయి.

ఆ ఆవర్జాలో నాకు బాగా నచ్చిన పేజీలు బొంబాయి ఖాతావి. ఒక్కో పద్దుకి రెండు అంకెలు, ఎడమవైపు కల్దారు, కుడివైపు హాలీ. కల్దారంటే ఇంగ్లీషు రూపాయి, హాలీ సిక్కా నిజాంది, 6 కల్దార్లకి 7 హాలీలు. బొంబాయి హుండీ (గడువు నాటికి డబ్బు కడతానని రాసిచ్చే చీటీ) 100 రూపాయలైతే పక్కన 116 రూపాయల 10 అణాల 8 పైలు (అణాకి 12 పైలు) అని సిరాతో రాసి ఉంది, క్యాలిక్యులేటర్ లేని రోజుల్లో ప్రతి పద్దుకీ. నేను కొన్ని పేజీలు వరసగా సరిచూశాను, ఒక్క పైసా తేడా రాలేదు. ఈ కాలంలో నా దగ్గరికి వచ్చే ఎక్సెల్ షీట్లకి ఆ మాట చెప్పలేను. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన ఆ అయిదు రోజులూ రోకడలో, అంటే రోజువారీ నగదు పుస్తకంలో, ఏమీ లేదు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు రెండు నాణేలూ పక్కపక్కనే నడిచాయి, హాలీ చలామణీ 1950ల చివరికి గానీ పూర్తిగా పోలేదు.

ఇంట్లో అందరూ చెప్పే కథ ఒకటే: తాత నిజాయితీ, మాట మీద నిలబడటం, దాంతో కొట్టు నిలిచింది. కాదనను. కానీ పుస్తకం ఇంకో మాట కూడా చెప్తోంది. తాత సరుకు 90 రోజుల హుండీ మీద తెచ్చేవాడు, చిల్లరగా నగదుకే అమ్మేవాడు. తాను ఒకటి నెలన్నరలో అమ్ముడుపోతే ఆ తర్వాతి నెలన్నరా బొంబాయివాడి డబ్బు ఈయన గల్లాలో ఉన్నట్టే. సొంత పెట్టుబడి నామమాత్రం. ఉద్దెర ఖాతాలు పుస్తకంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 'ఇయ్యాల నగదు రేపు ఉద్దెర' అని గోడ మీద రాసిపెట్టుకోవడం కాదు, నిజంగానే పాటించాడు.

తండ్రి హయాం

తండ్రి వచ్చాక ఇది తిరగబడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి మారింది, ఉద్యోగుల కుటుంబాలు వచ్చాయి. నెల జీతం మనుషులు, ఒకటో తారీఖున ఇస్తామనేవాళ్లు. కోఠీ బస్టాండు, ఉమెన్స్ కాలేజీ పక్కనే ఉండటంతో బజారంతా ఆడవాళ్ల బజారైంది. ఆయన ధోవతులు తగ్గించి జాకెట్టు గుడ్డల్లోకి దిగాడు. టూ బై టూ రూబియా, లైనింగ్, ఫాల్స్, లంగాగుడ్డ. ఇప్పుడు 'మ్యాచింగ్ సెంటర్' అంటున్నామే, అది. నా లెక్కలో మూడు తరాల్లోనూ ఇంతకన్నా మంచి వ్యాపార నిర్ణయం ఇంకోటి లేదు. కాకపోతే దాంతో పాటే ఉద్దెర మరిగాడు. ఆయన చనిపోయాక గల్లా కింద దొరికిన ఖాతా పుస్తకంలో సగం మంది బతికి లేరు.

మ్యాచింగ్ వ్యాపారం చూడనివాళ్లకి ఒక మాట. ఒకావిడ చీర సంచిలోంచి తీసి బల్ల మీద పెడుతుంది. సేల్స్‌మన్ చీర అంచు ఒక్కసారి చూసి వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి అరలోంచి మూడు తానులు లాగుతాడు. ఆవిడ రెండు వద్దంటుంది. మూడోదాన్ని పట్టుకుని చీరతో సహా మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్తుంది, ఎందుకంటే ట్యూబ్‌లైటు కింద మామిడిపిందె రంగూ చిలకపచ్చా ఒకటేలా కనిపిస్తాయి, ఎండలో చూస్తే గానీ నిజం తెలీదు. సరే అన్నాక మీటరు బద్దతో కొలిచి కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి రెండు చేతులా సర్రున చింపుతాడు. గుడ్డ నేత ప్రకారం తిన్నగా చిరుగుతుంది కాబట్టి ముక్క వంకర పోదు. ఈ తతంగమంతా కలిపి వచ్చే బిల్లు చిన్నదే. కానీ జాకెట్టు గుడ్డ దగ్గర ఎవరూ గట్టిగా బేరమాడరు. వేలు పోసి చీర కొన్న మనిషి ముక్క దగ్గర పది రూపాయలకి పేచీ పెట్టుకోదు. మార్జిన్ అక్కడే ఉంది.

2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా మెట్రో లైను మొదలైంది, అది సుల్తాన్‌బజార్ మీదుగానే వెళ్తుంది. లైను ఇటు వద్దని వ్యాపారులు ఏళ్లతరబడి ఆందోళన చేశారు, కొంతకాలం దారి మారుస్తారని కూడా అనుకున్నారు, చివరికి పాత దారే ఖాయమైంది. ఈ కొట్టు ముందుభాగం పోలేదు గానీ పైన వంతెన పడింది. అన్నదమ్ములు పార్కింగ్ గురించి, గిరాకీ గురించి ఏకరువు పెట్టారు. పాత సేల్స్‌మన్ మాత్రం వేరే మాటన్నాడు: "ఎండ పోయింది సార్. ఇప్పుడు రంగు చూడాల్నంటే ఆ మూల దాకా నడవాలె. తాను పట్కొని అంత దూరం ఎవర్ని పోనిస్తం?" ఏ కన్సల్టెంట్ రిపోర్టులోనూ ఈ పాయింటు రాదు. తర్వాత పగటి వెలుతురులా ఉండే ఎల్‌ఈడీలు పెట్టించాం, రంగులు తేడా లేకుండా చూపించే రకం. కొంత నయం.

ఎవరి వాటా ఎంత

ఇప్పుడు అసలు గొడవ. పార్టనర్లు ఇద్దరే ఉండి ఒకరు చనిపోతే, డీడ్‌లో ఏం రాసుకున్నా సరే, ఫర్మ్ రద్దయిపోతుంది. ఒక్కడితో పార్టనర్‌షిప్ ఉండదు కదా. తండ్రి పోయిన రోజునే ఆ ఫర్మ్ పోయింది. వీళ్లు మాత్రం అదే పాన్, అదే జీఎస్టీ నంబరు, అదే కరెంట్ అకౌంట్‌తో నడిపించేస్తున్నారు.

తండ్రి సగం వాటా వారసులకి వెళ్తుంది: భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు, నలుగురికీ సమానంగా. అంటే ఒక్కొక్కరికి మొత్తంలో ఎనిమిదో వంతు. అన్నకి తన సగం, పైన ఎనిమిదో వంతు. తమ్ముడికి ఎనిమిదో వంతు, కరీంనగర్‌లో ఉన్న అక్కకి ఎంతో అంతే. ఇది చెప్పినప్పుడు తమ్ముడి ముఖం చూడలేకపోయాను. "నేను పొద్దున షట్టర్ తీసి రాత్రి దించినోణ్ని సార్" అన్నాడు, అంతే. అన్న ఏమీ అనలేదు. అననందుకే ఆ తర్వాత కొన్నాళ్లు ఇద్దరికీ మాటల్లేవు.

ఇంకో వాదన కూడా ఉంది. వ్యాపారం తాత నుంచి వచ్చింది కాబట్టి ఇది ఉమ్మడి కుటుంబ ఆస్తి అనొచ్చు. అలాగైతే లెక్క పూర్తిగా మారిపోతుంది, కూతురి హక్కు ఇంకా బలపడుతుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు మీద మన దగ్గర 1985లోనే రాష్ట్ర సవరణ వచ్చింది, 2005లో కేంద్ర చట్టం, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు. కానీ ఉమ్మడి ఆస్తా కాదా అన్నది కోర్టులో తేలేసరికి మనవళ్ల పెళ్లిళ్లు కూడా అయిపోతాయి. లాయరూ నేనూ కూర్చుని నలుగురికీ అదే చెప్పాం.

అక్క వైపు నుంచి అందరూ భయపడ్డారు, ఆవిడ అడ్డం తిరుగుతుందేమోనని. ఆవిడ వచ్చి కూర్చుని అన్నది ఒకటే, "నాకు కొట్టొద్దు తమ్మీ. లెక్క మాత్రం కావాలె. బాపు పోయినంక ఎంతొచ్చింది, ఎంత పోయింది, నాకు తెల్వాలె." ఇది న్యాయమైన మాటే కాదు, చట్టంలో ఉన్న మాట కూడా. చనిపోయిన పార్టనర్ లెక్క తేల్చకుండా మిగిలినవాళ్లు అదే సరుకుతో వ్యాపారం చేస్తుంటే, ఆ వాటా వాడుకున్నందుకు వచ్చే లాభమో లేకపోతే సాలుకి 6 శాతం వడ్డీయో వారసులు కోరుకోవచ్చు. అన్నకి ఇది కొత్త. ఏడాదిన్నరగా వడ్డీ లెక్క నడుస్తోందని తెలిసేసరికి పరిష్కారం మీద తొందర ఆయనకే పుట్టింది.

సరుకు లెక్క దగ్గర రోజులు పట్టింది. పుస్తకాల్లో సరుకు కొన్న ధరకే ఉంటుంది. తమ్ముడేమో ప్రతి తానూ బంగారమంటాడు, అన్నేమో సగం చెత్త అంటాడు. ఎందుకంటే విలువ తగ్గితే తాను ఇవ్వాల్సింది తగ్గుతుంది. నోటి లెక్కలు ఆపేసి అరలన్నీ దింపించాను. నడిచే రంగులు ఒకవైపు, ఏడాది దాటినవి ఒకవైపు, మడత దగ్గర రంగు వెలిసినవి ఇంకోవైపు. ఈ మూడో కుప్ప ఎవరూ అనుకోనంత పెరిగింది. మడత వెలిసిన తానులో ఒక చార వస్తుంది, అక్కడికక్కడ కోసి పారేయాలి, మిగతాది కట్‌పీసుల ధర. కొన్ని రూబియా తానుల అంచు మీద అచ్చేసిన మిల్లులు మూతపడి ఏళ్లయింది. ఆ కుప్పని కిలోల లెక్కన అమ్మేయించి, వచ్చిందే దాని విలువ అని తేల్చాం. తమ్ముడు ఆ రోజు కొట్టుకి రాలేదు.

తర్వాత ఇంకో కాగితం తయారుచేసి చూపించాను, ఎవరూ అడగకపోయినా. గత కొన్నేళ్ల లాభనష్టాలని మళ్లీ వేశాను, రెండు మార్పులతో. ఆ సందులో ఇవాళ అంత మడిగె కొత్తగా తీసుకుంటే ఎంత అద్దె అవుతుందో అది ఖర్చుగా చూపించాను. ఇంట్లోవాళ్లు చేసే పనికి బయటి మనిషిని పెడితే ఎంత జీతం ఇవ్వాలో అదీ చూపించాను. లాభం పోయింది. కొన్నేళ్లు నష్టం. అంటే ఇన్నాళ్లూ కొట్టు తిన్నది బట్ట లాభం కాదు, పాత అద్దె. మీటరు గుడ్డ మీద సంపాదించామనుకున్నది చాలావరకు మడిగె ఓనరు వదులుకున్న అద్దెలోంచి వచ్చింది. చీరలు, డ్రెస్ మెటీరియల్ పక్కన పెట్టి మ్యాచింగ్ ఒక్కటే విడిగా చూస్తే మాత్రం ఈ లెక్కలో కూడా నిలబడింది.

అసలు ఆస్తి ఎక్కడుంది

కాబట్టి విలువైనది సరుకు కాదు, పేరు కాదు, కిరాయి హక్కు. తాత పగిడీ (కిరాయి హక్కు కోసం ముందే కట్టే మొత్తం) ఇచ్చి తీసుకున్న మడిగె అది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద కిరాయిదారుని ఊరికే ఖాళీ చేయించలేరు. 2005 సవరణలో నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 దాటిన భవనాలని ఆ చట్టం నుంచి తీసేశారు. వీళ్ల అద్దె అప్పటికి దానికి చాలా కింద. అందుకే ఓనరు పైకప్పు కారినా ఒక్క రూపాయి పెట్టడు. ఇద్దరి వైపు నుంచీ చూస్తే ఇద్దరిదీ నిజమే.

ఈ కిరాయి హక్కు మీద ఎవరూ ఆలోచించని ఒక వాదన ఉంది. వ్యాపారానికి తీసుకున్న మడిగెలో కిరాయిదారు చనిపోతే, ఆయన బతికుండగా ఆ వ్యాపారంలో ఆయనతో కలిసి చివరిదాకా పనిచేసి, తర్వాత కూడా అదే నడుపుతున్న వారసుడికే కిరాయిదారు హోదా దక్కాలన్నది ఆ వాదన. ఆ లెక్కన గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అన్న కొడుక్కి రాదు. కరీంనగర్ అక్కకి రాదు. డీడ్‌లో పేరు లేని తమ్ముడికి వస్తుంది. నలభై ఏళ్ల జీతం పద్దు, బిల్లుల మీద అతని చేతిరాత, సప్లయర్లకి అతను పెట్టిన సంతకాలు, ఇవన్నీ సాక్ష్యం. పార్టనర్‌గా ఏమీ కాని మనిషి కిరాయిదారుగా అన్నతో సమానమయ్యాడు. బేరం మళ్లీ మొదలైంది, ఈసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని.

చివరికి ఇలా కుదిరింది. తల్లి, అక్క తమ వాటాల విలువ వడ్డీతో సహా తీసుకుని ఫర్మ్ మీద హక్కు వదులుకుంటూ రిలీజ్ డీడ్ రాశారు. డబ్బు వాయిదాల్లో, బ్యాంకు ద్వారానే, నగదు ముట్టుకోలేదు. అన్నదమ్ములు సమాన వాటాలతో కొత్త ఫర్మ్ పెట్టారు, తమ్ముడి కూతురిని మూడో పార్టనర్‌గా చిన్న వాటాతో చేర్చాం. ముగ్గురుంటే ఒకరు పోయినా ఫర్మ్ ఉంటుంది, డీడ్‌లో ఆ క్లాజు పెడితే. పైగా ఆ అమ్మాయి ఇప్పటినుంచీ కొట్టులో కూర్చుంటే రేపు కిరాయి హక్కుకి కూడా దారి ఉంటుంది. బయటివాళ్లని పార్టనర్‌గా తీసుకుందామని అన్న అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. కిరాయిదారు పక్కకి జరిగి కొత్త మనిషి కూర్చున్నాడంటే ఓనరు 'సబ్‌లెట్ చేశారు' అని కేసు వేస్తాడు, ఖాళీ చేయించడానికి అది బలమైన కారణం.

జీఎస్టీ నంబరు కొత్తది తీసుకున్నాం, పాతదానిలో మిగిలిన క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను) ఐటీసీ-02 ఫారంతో మార్చుకున్నాం. ఈ కొట్లవాళ్లకి పన్ను కాగితాలంటే ఎందుకంత భయమో కూడా చరిత్రలోనే ఉంది. 1957లో బట్ట మీద అదనపు ఎక్సైజ్ సుంకం పెట్టి దానికి బదులుగా అమ్మకం పన్ను వదిలేశారు, దాంతో దశాబ్దాలపాటు చిల్లర బట్టల కొట్టుకి పన్నుల ఆఫీసుతో పనే పడలేదు. 2017 జులై 1న ఒక్కసారిగా గుడ్డ మీద 5 శాతం, నెలనెలా రిటర్ను. అంతకు ఎనిమిది నెలల ముందే పెళ్లిళ్ల సీజన్‌లో నోట్ల రద్దు. పెద్దాయన ఆ రెండేళ్లలో ముసలివాడైపోయాడని ఇంట్లో అంటారు.

వ్యాపారం సంగతికొస్తే, చీరల కౌంటర్ తీసేశారు. ఇప్పుడు చాలా చీరలకి జాకెట్టు ముక్క కలిసే వస్తోంది, అది మ్యాచింగ్‌కి దెబ్బే. కానీ లైనింగ్ లేకుండా ఎవరూ కుట్టించుకోవట్లేదు, ఫాల్ తప్పదు, కాంట్రాస్ట్ జాకెట్ల ఫ్యాషన్ ఇంకా పోలేదు. ఇంటి దగ్గర కుట్టే ఆడవాళ్లు, చిన్న బొటిక్‌లవాళ్లు వాట్సాప్‌లో చీర ఫొటో పంపిస్తారు, తమ్ముడి కూతురు నంబర్లున్న షేడ్ కార్డు చూసి ముక్కలు కట్టి పంపిస్తుంది. ఫొటోలో రంగు తేడా వస్తుంది కాబట్టి ఆ షేడ్ కార్డే వాళ్లందరికీ తలా ఒకటి ఇచ్చేశారు. వాళ్లకి ఉద్దెర పదిహేను రోజులు, దాటితే సరుకు ఆగుతుంది. మొదట్లో తమ్ముడు మొహమాటపడ్డాడు, కూతురు పడలేదు.

ఓనరు కుటుంబం కొత్త ఫర్మ్ పేరు చూసి అద్దె తీసుకోవడం మానేసింది, లాయరు నోటీసు కూడా వచ్చింది. అద్దె కట్టలేదన్న సాకు దొరక్కుండా, ముందు బ్యాంకు ఖాతా చెప్పమని వాళ్లకి నోటీసిచ్చాం, జవాబు లేకపోతే మనియార్డరు పంపాం, అది తిరిగొచ్చాక రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేస్తున్నాం. ప్రతి నెలా రసీదు ఒకటి నా ఫైల్లో, ఒకటి కొట్టులో. కేసు ఇంకా నడుస్తోంది. ఓనర్లతో అద్దె పెంచుకుని పదేళ్ల అగ్రిమెంటుకి వెళ్దామన్న మాట కూడా నడుస్తోంది, అద్దె ఎంతదాకా పెరిగినా మ్యాచింగ్ తట్టుకుంటుందో ఆ లెక్క వేసి ఇచ్చాను. అన్న ఆ అంకెకి ఇంకా ఒప్పుకోలేదు.